ఉంగరం చెప్పిన అంకె

వేణుకి పెళ్లిలో అత్తవారు పెట్టిన ఉంగరం మూడో ఏటే సముద్రంలో పడిపోయింది. రెండో ఉంగరం చెల్లెలు తొడిగింది. అది పడిపోదు, తియ్యడానికి వీల్లేదు, పైగా మాట్లాడుతుంది.

మాట్లాడడమంటే కబుర్లు కాదు. గంటకోసారి పిచ్చుక పిల్లలా చిన్నగా కూసి, రాయి ఉండాల్సిన చోట ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె వేణు నెత్తురులో తెల్లకణాలు ఎన్నున్నాయో చెబుతుంది. మహర్నవమి నాడు ఉదయం అది మూడు వేల నాలుగు వందలు. జ్వరం మూడో రోజు.

"ఎంత?" వంటింట్లోంచి అడిగింది హైమవతి, పులిహోరకి పోపు కలుపుతూ.

"మూడు వేల నాలుగొందలు. నిన్నటికి ఎనిమిదొందలు తక్కువ," మంచం మీంచి అన్నాడు వేణు. "జ్వరం మాత్రం నన్నొదిలి ఎక్కడికీ పోలేదు. నీలాగే."

"నేనిప్పుడు పోతున్నాను. మీ చెల్లెలి ల్యాబులో ఆయుధపూజట. నైవేద్యం నా నెత్తిన పెట్టింది."

హైమవతి చదివింది బీఎస్సీ మైక్రోబయాలజీ. పెళ్లయ్యాక ఆ చదువు ఇడ్లీపిండి పులియబెట్టడానికి బాగా పనికొచ్చింది. ఆడపడుచు సువర్చల అదే చదువు పట్టుకుని ఇంకా పైపైకి పోయి, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఒక కొండవాలులో ప్రయోగశాల పెట్టుకుంది. ఎనిమిదేళ్లు కష్టపడి ఈ ఉంగరాన్ని తయారుచేసింది.

ఉంగరం వేలి చివర, గోటి మొదలు మీద కూర్చుంటుంది. గోటిలోకి నీలం వెలుగు పంపుతుంది. ముందే ఒంట్లోకి ఎక్కించిన రంగు పట్టిన తెల్లకణాలు ఆ వెలుగు తగలగానే ఆకుపచ్చగా మెరుస్తాయి. ఉంగరం ఆ మెరుపుల్ని లెక్కపెడుతుంది. బొడ్డు పక్కన చర్మం కింద చింతగింజంత సంచి ఒకటి ఉంటుంది. జ్వరంలో కణాలు పడిపోయి అంకె మూడు వేలకి దిగితే ఆ సంచి మేల్కొని మందు వదులుతుంది. సువర్చల దానికి 'పిలుపు' అని పేరు పెట్టింది. పిలుపు అందగానే ఎముకల మూలగలోంచి కొత్త కణాలు నెత్తురులోకి పరుగెత్తుకొస్తాయి. జ్వరంతో పడుకున్న మనిషికి కాపలా తగ్గకూడదన్నది ఆమె పంతం. నలభై మంది ఒప్పుకుని ఒంటికి పెట్టించుకున్నారు. వేణు ఇరవై మూడో వాడు.

"రాఖీకి అందరి చెల్లెళ్లూ చీరడుగుతారు. నా చెల్లెలు ఒళ్లడిగింది," అన్నాడు అప్పట్లో వేణు. ఓడరేవులో క్రేన్లు చూసుకునే ఇంజనీరు. తనను పైకెత్తుతామంటే ఎవరినైనా నమ్మేస్తాడు.

*

ల్యాబులో ఆయుధపూజ అప్పలనాయుడి శాఖ. ఆ ల్యాబు పుట్టిననాటి నుంచీ ఉన్న టెక్నీషియన్. ఫ్రిజ్‌కీ, సూక్ష్మదర్శినికీ, గిర్రున తిరిగే యంత్రానికీ వరసగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతున్నాడు. నీళ్లతో కలిపిన పసుపు స్టీలు మీద నిలవడం లేదని ఈ ఏడు కొబ్బరినూనెతో కలిపాడు. పసుపు కూడా అంగట్లో కొన్నది కాదు. పాడేరు నుంచి అత్తవారు పంపిన కొమ్ములు దంచింది.

చివరి బల్ల మీద ఒక రబ్బరు వేలు ఉంది. దానిలోంచి వట్టి ఉప్పునీళ్లు పారుతుంటాయి. దానికీ ఒక ఉంగరం తొడిగి ఉంచారు, సున్నా చూపిస్తోందో లేదో రోజూ సరిచూసుకోవడానికి. వేలన్నాక బొట్టు పెట్టకుండా ఎలా అనుకున్నాడేమో, నాయుడు దాని గోటికి కూడా నిండుగా పసుపు రాశాడు.

ఉంగరం కూసింది. పదకొండు వేలు.

"నాయుడు గారూ!" సువర్చల కేక ల్యాబంతా వినిపించింది. "ఉప్పునీళ్లకి పదకొండు వేల తెల్లకణాలా?"

"అమ్మోరి దయమ్మా," అన్నాడు నాయుడు, తప్పు ఎక్కడ జరిగిందో ఇంకా తెలియక.

"మంచిదేగా," అంది హైమవతి. "రేపట్నుంచి ఆ ఉప్పునీళ్లకి జలుబు చెయ్యదు."

"నవ్వకు వదినా. పసుపు కూడా నీలం వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. నూనెలో కలిపితే మరీనూ. ఉంగరానికి మెరుపే తెలుసు. అది కణానిదో పసుపుదో దానికేం తెలుసు?" సువర్చల స్పిరిట్‌లో ముంచిన దూదితో రబ్బరు గోటిని రుద్దుతోంది. "ఈ సంగతి మన పరీక్షల మీద పర్యవేక్షణకి వేసిన కమిటీ చెవిన పడితే ఎనిమిదేళ్ల పరువు ఆ సముద్రంలో కలుస్తుంది."

"మిసన్లకి కూడా దిష్టి తగుల్తాదమ్మా," గొణిగాడు నాయుడు. పసుపు గిన్నెకి జాగ్రత్తగా మూత పెట్టి అలమారలో దాచుకున్నాడు.

గోడ మీద పెద్ద తెర. నలభై మంది అంకెలు నలభై గీతలుగా పాకుతున్నాయి. పదకొండో గీత మధ్యలో ఆగిపోయింది.

"ఇదేమిటి?" అంది హైమవతి.

"ఆగస్టులో పోయాడు. డెంగీ." సువర్చల చూపు తిప్పుకుంది. "కానీ కణాలు పడినప్పుడల్లా మళ్లీ ఆరు వేలకి లేచాయి వదినా, చివరిదాకా. కాపలా పూర్తిగా ఉంది. అందుకే కమిటీ కూడా 'వేరే కారణం' అని రాసింది."

"పేరేమిటి?"

"పదకొండు."

"అది నంబరు."

సువర్చల చేతిలోని ట్యాబ్‌లో ఏదో వెతకసాగింది. నాయుడే అందుకున్నాడు. "కొర్లయ్యమ్మా. భీమిలి. వలలు అల్లీవోడు. ఇద్దరాడపిల్లలు."

హైమవతి పులిహోర వడ్డిస్తుండగా ట్యాబ్ మోగింది. ఇరవై మూడో గీత మూడు వేల కిందికి దిగింది. రెండు వేల తొమ్మిది వందల ఎనభై.

"పిలుపు వెళ్లింది," అంది సువర్చల. ఆమె కళ్లలో భయంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. కన్నబిడ్డ వేదికెక్కుతుంటే తల్లికి ఉండే ఆత్రం. "చూస్తుండు వదినా, రెండు గంటల్లో ఎలా లేస్తుందో."

లేచింది. మధ్యాహ్నానికి ఆరు వేల ఎనిమిది వందలు. సువర్చల ఫోన్ చేసి అన్నయ్యకి అభినందనలు చెప్పింది. అదే సమయానికి అన్నయ్యకి పొట్టలో నొప్పి మొదలైంది.

*

విజయదశమి నాడు పొద్దున పదకొండు గంటలకి వేణు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. డెంగీ అని తేలింది. విచిత్రం ఏమిటంటే జ్వరం తగ్గింది, మనిషి మాత్రం చెడ్డాడు. కనురెప్పలు ఉబ్బాయి. పొట్ట బిగిసింది. పాదాలు పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి.

"అంకె ఏడు వేల దాకా వెళ్లింది డాక్టర్," అంది సువర్చల. "కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయి."

వార్డు డాక్టరు పీటర్ సన్నగా, పొడుగ్గా, వారం రోజులుగా నిద్రలేనట్టుండే మనిషి. "డెంగీలో తెల్లకణాలు పడిపోవడం మేం రోజూ చూసేదే మేడం. పడతాయి, వాటంతటవే లేస్తాయి. దానికి నేను భయపడను. నేను భయపడేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడానికి. ఈయనకి అది మామూలు కంటే ఎక్కువగా కారుతోంది. ఎందుకో అర్థం కావడం లేదు."

ఆయన వెళ్లాక హైమవతి ఎక్స్‌రే కవరు తిరగేసి సువర్చల చేతిలో పెట్టింది. వెనక పెన్సిల్‌తో రాతలు. ఇరవై ఏళ్లుగా గ్యాసు సిలిండరు మార్చిన తేదీ గోడ క్యాలెండరు మీద రాసే చెయ్యి అది. ఆసుపత్రికి వచ్చినంత మాత్రాన ఊరుకోలేదు.

"ఏంటిది?"

"మీ అన్నయ్యకి నిన్నట్నుంచి నాలుగుసార్లు పిలుపు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ సరిగ్గా రెండు గంటలకి నొప్పి పెరిగింది, నాడి సన్నబడింది. పిలుపు బలం తగ్గాక కాస్త తేరుకున్నారు. మళ్లీ పిలుపు, మళ్లీ అదే."

"జబ్బు ముదురుతోంది వదినా. రెండింటికీ ముడిపెట్టకు. నువ్వు పుస్తకం ముట్టి ఇరవై ఏళ్లయింది."

"నిజమే. అందుకే నా దగ్గర సిద్ధాంతం లేదు. గడియారం ఒక్కటే ఉంది." హైమవతి గొంతు పెంచలేదు. "కొర్లయ్య ఆసుపత్రి కాగితాలు నీ ట్యాబ్‌లో ఉంటాయిగా. తియ్యి."

"అవన్నీ కమిటీ చూసింది."

"కమిటీ అంకె చూసింది. నువ్వు నాడి చూడు."

సువర్చల తీసింది. మొదట విసురుగా, తర్వాత నెమ్మదిగా, ఆ తర్వాత వేలు ఆగిపోయింది. పిలుపు, రెండు గంటలు, పడిన నాడి. పిలుపు, రెండు గంటలు, పడిన నాడి. మెట్లు మెట్లుగా కిందికి దిగిన మనిషి. అంకె మాత్రం పిలిచిన ప్రతిసారీ ఆరు వేలకి లేచి దీపంలా వెలిగింది.

"పచ్చివి," అంది చివరికి. "తొందరపెట్టి రప్పించాం కదా. ముదరకుండానే వచ్చేశాయి. శత్రువెవరో తెలీదు. రక్తనాళాల గోడల్నే కొడుతున్నాయి."

"శిక్షణ పూర్తికాని పోలీసుల్ని కర్ఫ్యూకి దింపినట్టు."

"అంకె బాగుంటే చాలనుకున్నాను వదినా."

"కొర్లయ్యకి ఎన్నిసార్లు వెళ్లింది?"

"అయిదు."

ఇద్దరూ మంచం వైపు చూశారు. నాలుగయ్యాయి.

"పైగా ప్రతిసారీ ముందు మోతాదుకి రెట్టింపు వదులుతుంది," అంది సువర్చల. "కణాలు నిలబడకపోతే గట్టిగా పిలవాలని నేనే పెట్టాను."

ఉంగరం కూసింది. మూడు వేల ఆరు వందలు. గంటకి నాలుగు వందల చొప్పున దిగుతోంది. లెక్కకి చదువు అక్కర్లేదు. ఇంకో గంటన్నర.

"పీకేద్దాం," అంది హైమవతి.

"వద్దు!" సువర్చల ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉంగరం ఊడితే సంచి అంకె సున్నా అయిందనుకుంటుంది. ఉన్న మందంతా ఒక్కసారి వదిలేస్తుంది. జ్వరంలో మనుషులు తెలివితప్పి పీకేసుకుంటారని, జ్వరం మనిషిని నమ్మకూడదని, అలా కట్టాను."

"సంచి కోసి తీసేస్తే?"

పీటర్‌ని పిలిచి అడిగారు. "ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలు," అన్నాడు. "ఇప్పుడు కత్తి పెడితే నెత్తురు ఆగదు. నేను పెట్టను. పెట్టేవాణ్ణి మీరు వెతికి తెచ్చినా పెట్టనివ్వను."

"ఆపే తాళం ఒకటి ఉండాలిగా?" అంది హైమవతి.

"కమిటీ దగ్గర. పరీక్షలో అన్నయ్య ఉన్నాడు కాబట్టి నా చేతికివ్వలేదు. ముగ్గురూ ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది." సువర్చల అప్పటికే ఫోన్లు చేస్తోంది. ఒకాయన తిరుమలలో దర్శనం వరసలో ఉన్నాడు, ఫోను కింద డిపాజిట్ చేశాడు. రెండో ఆవిడది మోగుతూనే ఉంది. ఛైర్మన్‌కి పెట్టిన సందేశానికి పది నిమిషాల్లో జవాబొచ్చింది. సింహం మీద అమ్మవారి బొమ్మ, కింద రెండు వాక్యాలు: విజయదశమి శుభాకాంక్షలు. మీ విషయం సోమవారం పదకొండు గంటలకు చర్చిద్దాం.

అది శనివారం.

సువర్చల కుర్చీలో కూలబడింది. మోచేతుల మీద తల ఆన్చుకుని ఉన్న ఆ మనిషిలో డాక్టర్ సువర్చల ఎక్కడా కనిపించలేదు. అన్నయ్య సైకిలు వెనక కూర్చుని బడికెళ్లిన పిల్ల మాత్రం కనిపించింది. హైమవతికి ఓదార్చే తీరిక లేదు. ఆమె ఉంగరాన్నే చూస్తోంది. నీలం వెలుగు గోటి అంచున సన్నగా కనిపిస్తోంది.

"సువర్చలా, నిన్న ఆ ఉప్పునీళ్లకి ఎంత చూపించింది?"

సువర్చల తలెత్తింది. అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "వదినా, అది... అది దొంగలెక్క."

"సంచికి తెలీదుగా."

హైమవతి హ్యాండ్‌బ్యాగు బోర్లించింది. దసరా పదిరోజుల్లో ఏ ఆడదాని బ్యాగులోనైనా ఉండేది దానిలోనూ ఉంది. బొమ్మల కొలువు పేరంటంలో ఇచ్చిన తాంబూలం, వాడిపోయిన ఆకులు, వక్క, చిన్న పసుపు పొట్లం. చుక్క నీళ్లతో కలిపి ఉంగరం అంచున గోటి మీద రాసింది.

ఉంగరం కూసింది. రావలసిన సమయానికి ముందే, కంగారుగా. మూడు వేల నూట అరవై.

"తగ్గిందేమిటి!"

"తుడువు, తుడువు!" సువర్చల దూది అందించింది. "వెలుగుకి అడ్డం పడుతోంది. ఇది మెరవడం లేదు."

హైమవతి నాలిక్కరుచుకుంది. పేరంటంలో ఇచ్చే పసుపు ఏ ఇల్లాలూ కూరలో వెయ్యదు. పిండికి రంగేసి పొట్లం కట్టిన సరుకని అందరికీ తెలుసు. అందరూ పుచ్చుకుంటారు, మళ్లీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏళ్ల తరబడి తనూ అలాగే దాటించిన పొట్లాల్లో ఒకటి ఇవాళ తన చేతికే తిరిగొచ్చి, మొగుడి ప్రాణంలోంచి రెండు వందలు కోసుకుపోయింది. మెడలో పసుపుతాడున్నా ఇంట్లో దంచిన పసుపు కాస్త దొరికేది. ఆమెది బంగారు గొలుసు. సినిమాలో అయితే ఇలా జరగదు.

"నాయుడు," అన్నారిద్దరూ ఒకేసారి.

అప్పలనాయుడు ఫోను మొదటి మోతకే ఎత్తాడు. "ఏటమ్మా? ఏటైనాది?"

"నిన్నటి పసుపు గిన్నె ఉందా?"

"ఉందమ్మా, ల్యాబ్ అలమార్లో. మరెప్పుడూ రాయనమ్మా, ఒట్టు..."

"రాయాలి నాయుడు గారూ. ఉన్నపళంగా తీసుకుని ఆసుపత్రికి రండి," అంది సువర్చల.

ఊరేగింపులు, బాజాలు, దారికి అడ్డంగా లారీలకి పూజలు. ఇరవై నిమిషాల దారికి యాభై అయిదు నిమిషాలు పట్టింది. ఈలోగా ఉంగరం మూడు వేల యాభై చూపించింది. వేణు కళ్లు తెరిచి, "హైమా, పొట్టలో ఎవరో రాళ్లు పేరుస్తున్నారు," అన్నాడు. "పేర్చనివ్వండి, ఇల్లు కట్టుకుందాం," అంది హైమవతి.

నాయుడు మెడలో బంతిపూల దండతో గదిలోకి దూసుకొచ్చాడు. స్కూటరుకి వేసిన దండ ఎలాగో ఆయన మెడలో పడింది. తీసే ధ్యాస లేదు. గిన్నె తెరిచాడు.

"ఆగు వదినా." సువర్చల గిన్నెకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "పదిహేను వేలు దాటితే ఉంగరం తను చెడిపోయిందనుకుంటుంది. చెడిపోయినా సున్నా కిందే లెక్క. మందంతా పోస్తుంది."

"ఎంత రాయాలి?"

"తెలీదు. ఎవరూ కొలవలేదు."

"ఆవకాయలో ఉప్పు కూడా ఎవరూ కొలవరు," అని హైమవతి చిటికెనవేలి కొనకి పసుపు అంటించుకుంది. కొంగుకి ఒకసారి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. మిగిలిన ఆ జాడని గోటికి తాకించింది.

ఉంగరం కూసింది. పధ్నాలుగు వేల రెండు వందలు.

హైమవతి దూది కొసని నలిపి, గోటి అంచు మాత్రం ఒత్తింది. రుద్దలేదు. తొమ్మిది వేల ఆరు వందలు. మళ్లీ ఒత్తింది. అయిదు వేల రెండు వందలు.

బొడ్డు పక్కన సంచి నిద్రపోతూనే ఉంది.

"అమ్మోరి..." అని మొదలుపెట్టి, సువర్చల ముఖం చూసి ఆపేశాడు నాయుడు.

"దయ," అంది సువర్చల. "పూర్తిగా అనండి నాయుడు గారూ."

*

అంతటితో గండం గడిచిందనుకుంటే పొరపాటు. ఉంగరం కళ్లకి గంతలు కట్టారు, సరే. ఇప్పుడు నిజంగా ఒంట్లో కణాలెన్నో చెప్పేది ఎవరు? పీటర్ సూదితో నెత్తురు తీసి కిందికి పంపాడు. రెండు వేల ఒక వంద. సాయంత్రానికి పదహారు వందలు. ఆదివారం పొద్దున పదకొండు వందలు.

గోటి మీద చెమట పట్టినప్పుడల్లా పసుపు కరిగేది. గంటగంటకీ ఒకరు చూసి రాసేవారు. ఉంగరం ఏమో నాలుగు వేల ఎనిమిది వందలు, అయిదు వేలు అంటూ హాయిగా కూసేది. దాని మాట వింటూ, కింది ల్యాబు నుంచి వచ్చే కాగితం చదువుతూ కూర్చోవడం ఎలాంటిదో, కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ముఖాలకి మాస్కులు. నాయుణ్ణి గుమ్మం బయటే ఆపేశారు. పూలు లేవు, పళ్లు లేవు, పలకరింపులు లేవు. ఒట్టి గదిలో కాపలా లేని మనిషి.

ఆదివారం మధ్యాహ్నం సువర్చల దూది పట్టుకుని నిలబడింది. స్పిరిట్ వాసన.

"తుడిచేద్దాం వదినా. తొమ్మిది వందలట. ఏ చిన్న సూక్ష్మజీవి దూరినా ఆపేవాడు లేడు. ఒక్కసారి పిలుద్దాం. ఒక్కసారే."

"అయిదోసారి అవుతుంది."

"నాకు తెలుసు! కానీ చేతిలో మందు పెట్టుకుని ఊరికే చూడమంటావా?"

హైమవతి మొగుడి వేలిని తన గుప్పిట్లో మూసుకుంది. లోపల ఆమెకేమీ నమ్మకం లేదు. గడియారం, ఎక్స్‌రే కవరు వెనక పెన్సిల్ గీతలు, అంతే ఆమె శాస్త్రం. తను తప్పయితే రేపు ఈ గుప్పిటే దోషి. అయినా విప్పలేదు.

"నీకు అన్నయ్య, నాకు మొగుడు. ఎవరికెక్కువో తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం. ఇప్పుడు కూర్చో."

సువర్చల కూర్చుంది. దూది చేతిలోనే ఆరిపోయింది.

సాయంత్రం నాలుగింటికి వేణు ఒంటేలు పోశాడు. సీసా నిండా. పీటర్ దాన్ని వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసి, నవ్వాడు. ఆ మనిషికి పళ్లున్నాయని వాళ్లకి అప్పుడే తెలిసింది. "కారిన నీరు మళ్లీ నాళాల్లోకి తిరిగొస్తోంది. గోడలు నిలబడ్డాయి." తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా ఆడవాళ్లిద్దరూ ఆ సీసాకేసి చూశారు.

సోమవారం పొద్దున కణాలు పదిహేడు వందలు. ఎవరూ పిలవకుండానే వచ్చాయి. పొట్ట మెత్తబడింది. వేణు తన వేలిని కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాడు.

"ఏమిటీ పసుపు? నాకేమైనా పెళ్లి చేస్తున్నారా?"

"మీకా? ఉన్న పెళ్లానికే రెండ్రోజులు నిద్రలేదు," అని హైమవతి అటు తిరిగి, కిటికీలోంచి ఏమీ లేని గోడని చాలాసేపు చూసింది.

*

పదకొండు గంటలకి కమిటీ కలిసింది. సువర్చల వరండాలో బల్ల మీద ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. తెర మీద మూడు ముఖాలు. ఛైర్మన్ ముఖం వెలిగిపోతోంది.

"డాక్టర్ సువర్చలా, ఇరవై మూడో నంబరు చూశాం. అద్భుతం! నాలుగు మోతాదులకే నలభై గంటలకి పైగా కణాలు నిలబడ్డాయి. మనిషి కోలుకున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి? నలభై మందిని నాలుగు వందలు చేద్దాం. మీరు శనివారం ఏదో ఆందోళన రాశారు. ఇక అవసరం లేదనుకుంటా?"

హైమవతి పక్కనే, తెరకి కనిపించని చోట, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక్క 'అవునండీ'తో తీరిపోయే ప్రశ్న అది. ఎనిమిదేళ్లు ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసిన మనిషిని అడుగుతున్నారు. పసుపు రాయమని హైమవతి చెప్పగలదు గానీ, ఇది ఆమె చెప్పగలిగింది కాదు.

సువర్చల కుడిచెయ్యి ఎత్తి తెరకి దగ్గరగా పెట్టింది. చూపుడువేలు, బొటనవేలు, గోళ్ల సందులు, అన్నీ పసుపు.

"ఆ అంకె కణాలది కాదు సార్. దీనిది."

తెరలో ముగ్గురూ ముందుకు వంగారు. ఆమె మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. రబ్బరు వేలు దాచలేదు, ఎక్స్‌రే కవరు దాచలేదు, గుప్పిట్లో వేలు దాచలేదు. డెంగీ రోజులివి, మిగిలిన ముప్ఫై ఎనిమిది సంచులూ ఈ క్షణమే ఆపాలని చెప్పింది. ఛైర్మన్ ముఖం మెల్లగా ఆరిపోయింది.

"అయితే పదకొండో నంబరు..."

"కొర్లయ్య సార్," అంది సువర్చల. "ఆయన పేరు కొర్లయ్య. వేరే కారణం కాదు. కారణం నేను."

మూడు తాళాలు తెరుచుకోవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. సంచులన్నీ ఆగాయని నాయుడు ల్యాబు నుంచి ఫోన్ చేశాడు. తెర మీద ముప్ఫై తొమ్మిది గీతలూ ఒక్కసారి నల్లబడ్డాయట. "బోసిపోనాదమ్మా గోడ," అన్నాడు.

సువర్చల ట్యాబ్ మూసింది.

"భీమిలి వెళ్లాలి వదినా. కొర్లయ్య వాళ్లావిడకి మేం తప్పు చెప్పాం. నాయుడు గారికి ఇల్లు తెలుసట." ఆగింది. "నువ్వూ వస్తావా?"

"వస్తాను. మీ అన్నయ్యకి జావ పట్టించి."

"అలాంటి ఇంటికి వెళ్తూ ఏం తీసుకెళ్లాలి? పళ్లా? ఏదైనా..."

"ఏమీ వద్దు. వట్టి చేతుల్తో రా."

సువర్చల లేచి వరండా చివర కుళాయి దగ్గరకి వెళ్లింది. సబ్బు రాసింది, రుద్దింది, మళ్లీ రాసింది. పాడేరు పసుపు, అంత తేలిగ్గా వదిలేది కాదు. కాసేపు రుద్ది, కుళాయి కట్టేసి, ఆ చేతుల్తోనే మెట్లు దిగింది.